పారేసే ముందు ఇయర్‌బడ్‌ను ఒకసారి తుడిచి చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

కాలేజీ పిల్లల నుంచి పొద్దున్నే నడకకు వెళ్లే పెద్దవాళ్ల దాకా ఇప్పుడు అందరి చెవుల్లోనూ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కనిపిస్తున్నాయి. ఒకవైపు వినిపించడం మానేస్తే చాలు, ‘ఇవి ఇంతే, ఏడాదికి మించి రావు’ అనుకుని సొరుగులో పడేసి కొత్తవి కొంటున్నారు. మరమ్మతు పని తెలిసినవాళ్లుగా మేం చెప్పదలచుకున్నది ఒకటే. పోయాయని పక్కన పెట్టేసిన బడ్స్‌లో చాలావాటికి ప్రాణం ఉంటుంది. గులిమి, చిలుము, సరిపడని కేబుల్, చెదిరిన జత: ఎక్కువ ఫిర్యాదులు వీటి చుట్టూనే తిరుగుతాయి. వీటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. బ్యాటరీ నిజంగా అయిపోతే మాత్రం వాడేవాళ్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఆ విషయంలో కంపెనీలను అడగాల్సింది ఉంది కాబట్టే మీ పత్రికకు రాస్తున్నాం.

ముందుగా చూడాల్సింది బ్యాటరీ శాతం. కంపెనీ యాప్‌లోనో, కొన్ని ఫోన్లలో బ్లూటూత్ పేజీలోనే ఎడమ, కుడి బడ్‌లకు విడివిడిగా అంకెలు కనిపిస్తాయి. రాత్రంతా ఛార్జింగ్ డబ్బాలో ఉన్నా ఒక బడ్ శాతం పెరగకపోతే లోపం ఛార్జింగ్ పిన్నుల దగ్గర ఉన్నట్టు. నూరు చూపించి పావుగంటలోనే ఆరిపోతే బ్యాటరీ నీరసించినట్టు. శాతం బాగానే ఉండి శబ్దం మాత్రం రాకపోతే శబ్దం బయటికొచ్చే చోట ఉండే జాలీ మూసుకుపోయి ఉండాలి, లేదా ఫోన్ సెట్టింగ్‌లో తేడా ఉండాలి. ఆ వెంటనే ఇంకో ఫోన్‌కి కలిపి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే బడ్‌ది తప్పు కాదు, మొదటి ఫోన్‌ది. ఈ రెండు పరీక్షలకు అయిదు నిమిషాలు చాలు. ఇవి చేయకుండా రీసెట్లు కొట్టుకుంటూ పోతే అసలు కారణం దొరకదు.

ఛార్జింగ్ ఎక్కని బడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బడ్ అడుగున పూసలంత బంగారు రంగు చుక్కలు ఉంటాయి. డబ్బా గుంటలో వాటికి ఎదురుగా స్ప్రింగ్ మీద పైకీ కిందికీ ఆడే చిన్న పిన్నులు ఉంటాయి. ఈ రెండూ తాకితేనే కరెంటు వెళ్తుంది. నడక నుంచి, జిమ్ నుంచి వచ్చి చెమట తుడవకుండా డబ్బాలో పెట్టేస్తే ఆ ఉప్పు తడి మీద కరెంటు పడుతుంది. పైనున్న బంగారు పూత పలచనిది. ఉప్పు తడి దాన్ని తినేశాక కింది లోహం మీద పచ్చటి చిలుము కడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది ఇంకా త్వరగా వస్తుంది.

దీనికి మందుల షాపులోనో ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్టులోనో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. రిపేరు షాపుల్లో దీన్నే ఐపీఏ అంటారు. 90 శాతానికి పైన ఉన్నది తీసుకోండి. దూదిపుల్ల కొసను అందులో తడిపి, కారకుండా పిండి, బడ్ చుక్కల్ని పదిసార్లు రుద్దండి. మరో పుల్లతో డబ్బాలోని పిన్నుల్ని తుడవండి. టూత్‌పిక్ మొద్దు కొసతో ఒక్కో పిన్నునూ మెల్లగా నొక్కి వదలండి. నొక్కితే దిగి, వదిలితే తిరిగి లేవాలి. లోపలే ఇరుక్కుపోతే ఇంకో చుక్క ఐపీఏ వేసి నాలుగైదుసార్లు ఆడించండి, చాలాసార్లు వదులవుతుంది. పది నిమిషాలు మూత తెరిచి ఆరనిచ్చాకే ఛార్జింగ్ పెట్టాలి. చిలుము గట్టిపడి ఉంటే బడ్ వైపు చుక్కల మీద మాత్రం పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దొచ్చు. గరుకు కాగితం, బ్లేడు వద్దు. మిగిలిన బంగారు పూత కూడా ఊడిపోతే వారం తిరక్కుండా చిలుము మళ్లీ వస్తుంది. శానిటైజర్ కూడా పనికిరాదు. చాలా శానిటైజర్లలో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు, అది జిగురులా మిగిలిపోయి దుమ్ము పట్టిస్తుంది.

పిన్నులు శుభ్రంగా ఉన్నా ఛార్జింగ్ ఎక్కకపోతే బడ్ గుంటలో పూర్తిగా కూర్చుంటోందా చూడండి. విడిగా కొన్న పెద్ద సిలికాన్ టిప్‌లు (చెవిలో దూరే రబ్బరు తొడుగులు) అడుగున తగిలి బడ్‌ను వెంట్రుకవాసి పైకి లేపుతాయి. మూత పడుతుంది, పిన్ను మాత్రం అందదు. పైగా డబ్బాలో ఉన్నట్టు తెలియక ఆ బడ్ ఫోన్‌తో కనెక్ట్ అయ్యే ఉండి, రాత్రికి రాత్రే ఉన్న ఛార్జింగ్ కూడా అయిపోతుంది. కాల్ ఎత్తితే ఫోన్‌లో అవతలివాళ్ల మాట వినిపించడం లేదని చెప్పేవాళ్లలో కొందరిది ఇదే సమస్య, ఆ మాట డబ్బాలో ఉన్న బడ్‌లోకి వెళ్తోంది.

ఇక డబ్బాయే ఛార్జింగ్ ఎక్కడం లేదన్న ఫిర్యాదు. కొత్త ఫోన్ల ఛార్జర్లు చాలావరకు రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో వస్తున్నాయి. ఆ ఛార్జర్ అవతలి పరికరంలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అనే చిన్న భాగం ఉందని గుర్తుపట్టాకే కరెంటు వదులుతుంది. టైప్-సి పద్ధతే అంత. చవక డబ్బాల తయారీలో కొందరు పైసల్లో దొరికే ఆ రెసిస్టర్లను వేయకుండా వదిలేస్తారు. దాంతో ఛార్జర్‌కి అవతల ఏదో ఉన్నట్టే తెలియదు. డబ్బా లైటు వెలగదు, వాడేవాళ్లు అది చచ్చిపోయిందనుకుంటారు. ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, మరోవైపు టైప్-సి ఉన్న కేబుల్ తీసుకుని పాత 5 వోల్టుల అడాప్టర్‌కో, టీవీ వెనక పోర్టుకో పెట్టి చూడండి. వెంటనే లైటు వెలిగితే డబ్బాకి ఏ రోగమూ లేదు, ఇకపై ఆ కేబులే వాడుకోవాలి. పవర్ బ్యాంకుకి పెడితే కాసేపటికే ఆగిపోతోందంటే కారణం వేరు. బడ్స్ డబ్బా తీసుకునే కరెంటు చాలా తక్కువ, పవర్ బ్యాంకు అసలేమీ తగిలించలేదనుకుని తనంతట తాను ఆగిపోతుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే అది ఆన్ అవుతుంది.

ఒక చెవిలో శబ్దం తగ్గిపోయిందన్నవాళ్లు ముందు బడ్‌ను టార్చి వెలుతురులో చూడాలి. శబ్దం వచ్చే చోట సన్నటి జాలీ ఉంటుంది. దాని మీద గులిమి పొరలా పట్టేస్తే శబ్దం సగానికి పడిపోతుంది. టిప్ తీసి, జాలీ కిందికి చూసేలా పట్టుకుని, మెత్తని పొడి టూత్‌బ్రష్‌తో నిమిషం పాటు దులపండి. జాలీ కిందికే ఉండాలి. పైకి పెట్టి దులిపితే గులిమి స్పీకర్ లోపలికే రాలుతుంది. గట్టిపడ్డ గులిమికి గోడకు పోస్టర్లు అతికించే బ్లూ ట్యాక్ ముద్దను మెల్లగా తాకించి లాగొచ్చు. అదిమితే ముక్కలు జాలీలో ఇరుక్కుంటాయి, కాబట్టి తాకించడం వరకే. పిన్నీసు, సూది, నోటితో ఊదడం మానుకోండి. సూదికి జాలీ చిరుగుతుంది, ఊదితే ఉమ్మి తడి లోపలికి పోతుంది. సిలికాన్ టిప్‌లను మాత్రం సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి.

జాలీ శుభ్రంగా ఉంటే ఫోన్ సెట్టింగ్‌లోకి వెళ్లండి. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా యాక్సెసిబిలిటీ విభాగంలో శబ్దానికి సంబంధించిన పేజీలో ఎడమ, కుడి బ్యాలెన్స్ గీత ఉంటుంది. పిల్లల చేతిలో ఫోన్ పడినప్పుడు అది పక్కకి జరిగిపోతూ ఉంటుంది. దాన్ని మధ్యకు తేవాలి. రెండు వైపులా శబ్దం తక్కువగా ఉంటే వాల్యూమ్ పరిమితి ఆన్ అయి ఉందేమో చూడండి. ఐఫోన్‌లో అది హెడ్‌ఫోన్ సేఫ్టీ కింద ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయమని మేం చెప్పం. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వింటే శబ్దం సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని, పిల్లలకు అది 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాలీ మూసుకుపోయిన బడ్‌తో వాల్యూమ్ పెంచుకుంటూ పోతే రెండో చెవి మీద భారం పడుతుంది.

ఇక్కడ ఇంకో పరీక్ష తప్పక చేయాలి. బడ్‌లను తారుమారు చేసి, ఎడమది కుడి చెవి దగ్గర, కుడిది ఎడమ చెవి దగ్గర పెట్టి వినండి. ఏ బడ్ పెట్టినా అదే చెవికి తక్కువగా వినిపిస్తే లోపం బడ్‌ది కాదు, చెవిది. చెవిలో పుల్లలు పెట్టి తిప్పకుండా చెవి డాక్టరుకు చూపించుకోవాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి తగ్గితే రేపు మాపు అనకుండా వెంటనే వెళ్లాలి. అలాంటివాటిలో కొన్నిటికి మొదటి రోజుల్లో మొదలుపెడితేనే వైద్యం బాగా పనిచేస్తుంది.

రెండు బడ్‌లూ ఛార్జింగ్‌తో ఉండి ఒకటే పాడుతోంటే వాటి మధ్య జత చెదిరి ఉండొచ్చు. ఫోన్ బ్లూటూత్ పట్టీలో ఒకే మోడల్ పేరు రెండుసార్లు కనిపించడం దీనికి గుర్తు. డబ్బాలోంచి ఒక్క బడ్ తీసి తొందరపడి కనెక్ట్ చేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఇంతకుముందు కలిపిన ఫోన్లన్నిటిలోనూ ఆ పేర్లను ‘ఫర్‌గెట్’ కొట్టండి. బడ్స్‌ను డబ్బాలో పెట్టి మూత మూసి 30 సెకన్లు ఆగండి. ఆ మోడల్‌కి చెప్పిన పద్ధతిలో రీసెట్ చేయండి. తర్వాత రెండింటినీ ఒకేసారి బయటికి తీసి, అవి ఒకదాన్నొకటి కలుపుకునేదాకా పది సెకన్లు ఆగి, అప్పుడు ఫోన్‌లో వెతకండి. చాలా మోడళ్లలో జత కలిశాక ఒక బడ్ లైటే మెరుస్తుంది. రీసెట్ పద్ధతి మోడల్‌కొకటి. వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ డబ్బా అయితే మూత తెరిచి ఉంచి, లైటు నారింజ రంగులో మెరిసి తెల్లగా మారేదాకా దాదాపు 15 సెకన్లు ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి. మిగతావాటికి మోడల్ నంబరు డబ్బా అడుగునో మూత లోపలో ఉంటుంది, దాంతో కంపెనీ సైట్‌లో చూడాలి. ఎదుటివాళ్ల వీడియో చూసి వేరే మోడల్ పద్ధతి పాటిస్తే లాభం లేదు.

మధ్యమధ్యలో శబ్దం తెగిపోవడానికి కారణాలు కొన్ని మన ఒంట్లోనే ఉన్నాయి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, ఆ తరంగాలను నీరు మింగేస్తుంది, మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఫోన్ ప్యాంటు వెనక జేబులో ఉంటే మధ్యలో ఒళ్లంతా అడ్డం. చొక్కా జేబులోకి మారిస్తే చాలామందికి అక్కడితో తీరిపోతుంది. ఇంట్లో వైఫై కూడా 2.4 మీదే ఉంటే ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. ల్యాప్‌టాప్ దగ్గరైతే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవ్‌లు ఇదే పౌనఃపున్యం దగ్గర రొద పుట్టిస్తాయి, వాటిని అవతలి వైపు పోర్టులోకి మార్చాలి. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డాక్ కోడెక్‌ను (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) 990 కేబీపీఎస్ వేగం మీద పెట్టుకున్నవాళ్లకు అమీర్‌పేట మెట్రో లాంటి రద్దీలో తెగకపోతేనే ఆశ్చర్యం. అక్కడ దాన్ని 330కి తగ్గించడమో ఏఏసీ అనే మరో కోడెక్‌కి మారడమో చేయాలి.

ల్యాప్‌టాప్‌లో పాటలు బాగుంటాయి, మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోన్‌లా మారిపోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు కూర్చునే పిల్లలు దీనివల్ల పడే కంగారు అంతా ఇంతా కాదు. ఇది చెడిపోవడం కాదు. పాత తరహా బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, మైకుతో మాట్లాడటానికి మరో దారి ఉన్నాయి. బడ్ మైకు తెరుచుకున్న క్షణం స్టీరియో దారి మూసుకుపోయి, రెండు వైపులా ఒకే గొంతు వినిపించే సన్నటి దారి మిగులుతుంది. అందులో సెకనుకు 8 వేలో 16 వేలో నమూనాలే వెళ్తాయి, పాటల దారిలో 44 వేలకు పైనే. జూమ్, మీట్, టీమ్స్ దేనిలోనైనా ఆడియో సెట్టింగ్స్ తెరిచి మైక్రోఫోన్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైకును, స్పీకర్ దగ్గర బడ్స్‌ను ఎంచుకోండి. విండోస్ 10లో బడ్స్ పేరు రెండుసార్లు వస్తే ‘స్టీరియో’ అని ఉన్నదాన్ని పట్టుకోవాలి, ‘హ్యాండ్స్ ఫ్రీ’ని వదిలేయాలి. మన మాట అవతలివాళ్లకు కూడా స్పష్టంగా వెళ్తుంది, ఎందుకంటే ల్యాప్‌టాప్ మైకు మన ముఖానికి ఎదురుగానే ఉంటుంది. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి బడ్స్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి, రెండింటిలో ఒక్కదానిలో ఉంటే సరిపోదు.

బేస్ తగ్గిపోవడం, బయటి రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టగానే ఈల వినిపించడం చాలావరకు టిప్ సైజు తప్పడం వల్లనే. రెండు చెవులకూ ఒకే సైజు సరిపడాలని లేదు, ఒకదానికి చిన్నది, మరోదానికి మధ్యది పెట్టుకోవచ్చు. పాట దానంతట అదే ఆగిపోతుంటే చెవిలో ఉందో లేదో చూసే సెన్సర్ కిటికీని పొడి గుడ్డతో తుడవండి. బడ్స్ వేరే చోటికి పారిపోతున్నాయంటే ఇంట్లోని స్మార్ట్ టీవీనో పాత ఫోన్‌నో లాక్కుంటోంది, అక్కడ పేరు తీసేయాలి.

నీళ్ల సంగతి. నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అంటే తుంపర్లు పడితే పరవాలేదని, ముంచొచ్చని కాదు. మీటరు లోతులో అరగంట ఓర్చుకునేది ఐపీఎక్స్7. ఆ గుర్తు సాధారణంగా బడ్‌లకే, డబ్బాకి కాదు. చొక్కా జేబులో మర్చిపోయి వాషింగ్ మెషీన్‌లో పడితే బయటికి తీసి, తుడిచి, మూత తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న వేరే డబ్బాలో రెండు రోజులు ఉంచండి. ఈలోగా ఛార్జింగ్ పెట్టి చూడాలన్న ఆత్రం వద్దు. తడి ఉండగా కరెంటు తగిలితేనే బోర్డు కాలుతుంది. బియ్యంలో పెట్టడం వల్ల తవుడు, నలుసులు పిన్నుల్లో చేరడం తప్ప ఒరిగేది లేదు. హెయిర్ డ్రయ్యర్ వేడికి లోపలి జిగురు కరుగుతుంది.

ఇంత చేసినా బ్యాటరీ వయసు ఆగదు. ఫోన్‌లో 5,000 ఎంఏహెచ్ ఉంటే బడ్‌లో ఉండేది 30 నుంచి 60. రోజుకు రెండుమూడుసార్లు నిండి ఖాళీ అయ్యే ఇంత చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. కాల్స్‌కి ఎప్పుడూ ఒకే బడ్ వాడితే అది ముందుగా పోతుంది, మార్చి మార్చి వాడండి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు లోపల వేడి దాన్ని సునాయాసంగా దాటుతుంది. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో ఉంచి, రెండు నెలలకోసారి ఎక్కించండి. బడ్ అతుకు విచ్చుకున్నా, ఉబ్బినట్టు కనిపించినా ఛార్జింగ్ ఆపేయాలి, తెరవడానికి ప్రయత్నించకూడదు. చెత్తబుట్టలో అసలు వేయకండి. చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది. ఈ-వ్యర్థాలు సేకరించే చోట ఇవ్వాలి.

ఇప్పుడు అడగాల్సింది. బ్యాటరీ మార్చడం అసాధ్యమేమీ కాదు. కొన్ని మోడళ్లలో 1254 సైజు గుండ్రటి బిళ్ల ఉంటుంది, అంటే 12 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మందం. అలాంటిది తెరిచి మార్చవచ్చు. మిగతావాటిని జిగురుతో అతికించేస్తున్నారు, తెరిస్తే పగలాల్సిందే. ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2024లో వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకోగల బడ్స్ తెచ్చింది. పరికరాల్లోని చిన్న బ్యాటరీలు, కొన్ని మినహాయింపులతో, కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న యూరప్ నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలులోకి రావాల్సి ఉంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది, మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్ దాని పరిధిలోనివే. ఇక్కడ అమ్మే ప్రతి ఇయర్‌బడ్స్ కంపెనీ ఒక్క బడ్‌ను, ఒక్క డబ్బాను, బ్యాటరీని విడిగా ఎంతకు ఇస్తుందో ఆ పోర్టల్‌లో ప్రకటించేలా చేయాలి. ఒక బడ్ పోతే మొత్తం సెట్టు కొనిపించే పద్ధతి అన్యాయం.

కొనేవాళ్లు పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఏ తయారీదారుదో తెలుస్తుంది. పేరున్న బ్రాండ్లకు నకళ్లు చాలా ఉన్నాయి, వాటిని ఏ సర్వీస్ సెంటరూ ముట్టుకోదు. బిల్లు దాచుకోండి. వారంటీలో ఉండగా సర్వీస్ సెంటర్ కాదంటే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

కంపెనీలకు మరొక్క విన్నపం. పెట్టెలో వచ్చే కాగితం మీద ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని లక్షల మందికి అమ్ముతున్నప్పుడు రీసెట్ పద్ధతి, పిన్నులు తుడిచే పద్ధతి, ఏ కేబుల్ వాడాలో తెలుగులో ఒక పేజీ అచ్చు వేయడానికి పెద్ద ఖర్చు కాదు. డబ్బా మూత లోపల రెండు వరుసలు వేసినా చాలు.

ఇట్లు,
ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు పనిలో ఉన్న కొందరు టెక్నీషియన్లు,
హైదరాబాద్